కువైట్ చట్టం, తడ చెక్‌పోస్టు, నా పీతలు

కోతలు కోస్తూ అన్న ఒకే ఒక్క మాటతో బుట్టల కొద్దీ పీతలనూ, నా పరువునూ కలిపి ముంచిన ఘనత ఈ జిల్లాలో నాకొక్కడికే ఉంది. ఎనిమిదిలో బడి మానేసినవాడు దేశదేశాల బ్యాంకు చట్టాల జోలికి పోతే ఏమవుతుందో వినండి. నవ్వు వస్తే ఆపుకోకండి, నాకు అలవాటే.

మాది విడవలూరు దగ్గర సముద్రపు పల్లె. పీతలు కొని చెన్నైకి పంపడం నా వ్యాపారం. పొద్దున్నే టీ అంగట్లో జనాన్ని నవ్వించడం నా అసలు ఉద్యోగం. జీతం లేదు గానీ, బెంచీలు నిండేవి. అలాంటి రోజుల్లో కువైట్ నుంచి పెంచలయ్య దిగాడు. అక్కడ ఎవరో బ్యాంకు మేనేజరుకు కారు తోలాడట. కారు తోలితే చట్టం వస్తుందా? ఇతనికి వచ్చింది! వారం తిరక్కుండా బెంచీలన్నీ అతని వైపు తిరిగాయి. నా కడుపుమంట మీద టీ అంగడివాడు పాలు కాచుకుని ఉంటే వాడికి గ్యాసు ఖర్చు మిగిలేది.

ఒకరోజు పెంచలయ్య మొదలుపెట్టాడు.

"కువైట్లో చెక్కు బౌన్సయితే తమాషా కాదబ్బయ్యా. కేసు పడితే దేశం దాటనీరు. విమానం కాడికి పోయినా ఎనక్కి పంపేస్తారు."

"అబ్బో!" అన్నారు జనం. ఆ అబ్బో న్యాయంగా నాకు రావలసింది.

"అదీ ఒక చట్టమేనా?" అన్నాను. "మన దేశంలో రాష్ట్రమే దాటనీరు! తడ చెక్‌పోస్టు కాడ కంప్యూటర్లో పేరు కొడతారు. చెక్కు బౌన్సయినోడని తేలితే ఆడికాడే లోపలేస్తారు. కొత్త రూలు."

"నీకెవురు చెప్పినారన్నా?" అని బెంచీ మీంచి ఒకడు అడిగాడు.

"మా అత్తగారి తరఫు మనిషి బ్యాంకులో ఉండాడు."

ఉన్నమాట నిజమే. ఆ బ్యాంకు గోడలకు సున్నం కొడుతున్నాడు.

పెంచలయ్య ఏదో అనబోయాడు. "కువైట్ సంగతి నువ్వు చూసుకో, ఇండియా సంగతి నేను చూసుకుంటా" అని నోరు మూయించాను. బెంచీలు మళ్ళీ నా వైపు తిరిగాయి. ఏడు దేశాల బ్యాంకు గవర్నర్లు వరసగా వచ్చి నా మెడలో దండ వేసినట్టయింది.

ఆ సంబరంలో, చివరి బెంచీ మీద వ్యాను డ్రైవరు చెంచయ్య టీ సగంలో వదిలేసి లేచిపోవడం నేను గమనించలేదు. ఫైనాన్సు వాళ్ళకు అతనిచ్చిన చెక్కు ఆ వారమే బౌన్సయిందని తర్వాత తెలిసింది. ఆ రోజు అతని వ్యానులో ఉన్నవి నా పీతలు.

పీత బతికుంటేనే ధర. చచ్చిన పీతను ఎవడూ ముట్టుకోడు. మధ్యాహ్నం దాటినా బండి రాలేదని చెన్నై నుంచి కబురొచ్చింది. చెంచయ్యకు ఫోన్ చేశాను.

"యాడుండావురా?"

"సూళ్లూరుపేట కాడ, పెట్రోలు బంకు నీడలో."

"ఆడేం పని?"

"తడ ఎట్టా దాటేదన్నా? నా చెక్కు బౌన్సయింది. లోపలేస్తారని నువ్వే చెప్తివి గదా!"

"ఒరే, అది నేను కల్పించిందిరా!"

"ఇప్పుడు పీతలు నీవి గాబట్టి అట్టంటుండావు. నాకు పిల్లలుండారన్నా."

"పీతలెట్టా ఉండాయి?"

"నురగ కక్కతా ఉండాయి."

ఇక్కడ నేనూ అదే పనిలో ఉన్నాను.

"పెంచలన్న చెప్తే కదుల్తా, ల్యాకపోతే ఈడే" అని తేల్చేశాడు.

టీ అంగడికి పరుగెత్తాను. పుట్టాక మొదటిసారి పెంచలయ్యను 'అన్నా' అని పిలిచాను.

"పెంచలన్నా, నేను చెప్పింది అబద్ధమని వాడికి చెప్పు."

"గట్టిగా చెప్పన్నా, ఎనక బెంచీకి వినపళ్ళా!" అని ఎవడో అరిచాడు. గట్టిగా చెప్పాను.

పెంచలయ్య తాపీగా ఫోన్ అందుకుని స్పీకరు పెట్టాడు.

"చెంచయ్యా, మన దేశంలో ముందు నోటీసిస్తారు. అది అందినాక పదిహేను రోజులు గడువుంటాది. అప్పటికీ కట్టకుంటేనే కోర్టు. తడ కాడ నీ పేరు ఎవురూ చూడరు. తమిళనాడు ఇంకో దేశం కాదబ్బయ్యా."

"అట్నా! మరి కువైట్లో ఎందుకట్టా అన్నా?"

"మంచి మాట అడిగినావు. ఆడ చట్టం ఏందంటే..."

"అన్నా, ముందు బండి తియ్యమను!" అని మొత్తుకున్నాను.

"ఉండబ్బయ్యా, వడ్డీ లేని బ్యాంకుల సంగతి ఇంకా చెప్పనేలేదు."

ఎండలో నా పీతలు ఒక్కొక్కటే ప్రాణం విడుస్తుంటే, రెండు దేశాల బ్యాంకు చట్టాల మధ్య తేడాను పెంచలయ్య అరగంట చెప్పాడు. జనం అబ్బో అన్నారు. ఫోన్లో చెంచయ్య కూడా అబ్బో అన్నాడు. చివరికి బండి చెన్నై చేరింది. పీతలే చేరలేదు.

కాబట్టి సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఏ దేశపు చట్టం గురించి నోరు తెరవాల్సి వచ్చినా, ఆ రోజు వ్యానులో ఎవరి సరుకుందో ముందుగా కనుక్కుంటాను. పెంచలయ్య కూడా ఈ మధ్య పీతల వ్యాపారంలోకి దిగాడని విన్నాను. అతని సరుకైతే రెండు చట్టాలు ఎక్కువే చెబుతాను.