కాళ్లొచ్చిన బేడెం

ఒక ఇనప బేడెం ఎంత బరువుంటుంది? చిటికెన వేలంత లావు, జానెడు పొడవు. అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి కూడా వంగదు. దాన్ని నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. భుజాలు పడిపోయాయి.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ల దగ్గర నేను నోరు తెరిస్తే చాలు, మాట బయటికి రాకముందే వాళ్ల మొహాల మీదికి నవ్వు వచ్చేస్తుంది. "చెప్పు మామా, ఇయాల ఏం కథ?" అంటారు. తప్పు వాళ్లది కాదు. ఆ అలవాటు చేసింది నేనే.

తలుపుకు లోపలివైపు ఉండే గడియను మా కామాటిపురా తెలుగువాళ్లం బేడెం అంటాం. నేను నాగ్‌పాడాలో పాత తలుపులూ కిటికీలూ అమ్మే దుకాణంలో పనిచేస్తాను. కూలగొట్టిన ఇళ్ల సామాను అది. తలుపు కదిలే తీరు చూసి దాని జబ్బేమిటో చెప్పగలను. ఇది నిజం. నా నోటి వెంట వచ్చే నిజాలు తక్కువ కనుక వేరుగా చెప్పవలసి వస్తోంది. ధారావిలో ఒక తోళ్ల గోదాము తాళం నా దగ్గు వినగానే తెరుచుకుందని మేముండే చాల్‌లో, ఆ వరస గదుల మేడలో, అందరికీ చెప్పినవాణ్ని. ఓడ కప్తాను ఇనప్పెట్టెను చేపముల్లుతో తెరిచానని చెప్పినవాణ్ని. పిల్లలు నమ్మేవారు. పెద్దలు నమ్మకపోయినా కూర్చుని వినేవారు. ఎదురుగా వినే మొహాలుంటే నేను అన్నం కూడా మరిచిపోతాను. ఆ రుచే నన్ను చెడగొట్టిందని చాలాకాలం అనుకున్నాను. లేక, ముందే చెడి ఉన్నానా?

మా చాల్ సంగతి ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదంతా చిన్న విషయంలా కనిపిస్తుంది. మా చాల్‌లో పగటిపూట ఎవరూ తలుపు వెయ్యరు. అవతలి గల్లీల్లో ఏ వ్యాపారం నడుస్తుందో బొంబాయి అంతటికీ తెలుసు. అడ్రసు చెబితే బస్సు కండక్టరు కూడా ఓరగా చూస్తాడు. మా తాతలు ఈ ఊరి మేడలకు రాళ్లు మోయడానికి వచ్చినవాళ్లు. కామాటీలనేవారు వాళ్లను. పేటకు పేరు వాళ్ల వల్ల వచ్చింది, చెడ్డపేరు తర్వాత వచ్చింది. అందుకని మా ఆడవాళ్లు తమకు తామే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పొద్దున తీసిన తలుపు దీపాలు పెట్టేదాకా తీసే ఉంటుంది. మగవాళ్లు పనికి పోయాక మరీను. జల్లు కొట్టినా సరే. గుమ్మానికి ఒక పరదా వేలాడుతుంది, అంతే. చీర మార్చుకోవడానికి మూసినా, పక్కింటామెకు చెప్పి మూస్తారు. చూసుకోండి, ఇక్కడ దాచుకునేదేమీ లేదు, అని ఆ తలుపులు రోజంతా చెబుతూనే ఉంటాయి. అలాంటి చోట పట్టపగలు లోపల బేడెం పడిందంటే, దానికి ఒకటే అర్థం.

బాలమణి మా వరసలోనే, రెండు ఖోలీల అవతలి గదిలో ఉండేది. పాలమూరు పిల్ల. పెళ్లయి కొత్తగా వచ్చింది. భర్త నర్సింలు కట్టుబడి పనికి పోయేవాడు. ఆమె నన్ను అన్నా అనేది, ఆ వరసన అతను బావా అనేవాడు. నా కథలకు అందరిలా నవ్వేది కాదు. ప్రశ్నలు అడిగేది. "చేపముల్లు ఇరగలేదా అన్నా?" అనేది. అలాంటి ప్రశ్న ఒకటి పడితే కథ ఇంకో గంట సాగుతుంది. అడిగేవాళ్లు దొరకడం ఎంత అదృష్టమో కథలు చెప్పేవాడికే తెలుస్తుంది.

మిల్లులు మూతపడ్డ తర్వాతి వానకాలం. బేడెం లేవడం లేదని ఒక రోజు నన్ను పిలిచింది. తలుపు అడుగున ఉండే నిలువు బేడెం అది. వదిలితే బండలో చేసిన తూటులోకి దిగుతుంది. పైకెత్తి, పిడిని పక్కకు తిప్పితే గాడిలో కూర్చుని అక్కడే ఆగుతుంది. రోజూ దాన్ని గుంజి గుంజి ఆమె వేళ్లు ఒరుసుకుపోయి ఉన్నాయి. నేను తలుపును రెండుసార్లు ఊపి చూశాను. జబ్బు బేడేనిది కాదు. పైన ఉన్న మడతబందు వదులై తలుపే కుంగింది. ఆ బరువుకు బేడెం మొన తూటు అంచును పట్టేస్తోంది. తలుపు ఊడదీయాలి, పాత స్క్రూల తూట్లలో కర్రముక్కలు కొట్టాలి, కొత్త స్క్రూలు బిగించాలి. పట్టడానికి ఇంకొక మనిషి కావాలి. ఒక పూట పని.

కింద క్యారమ్ బల్ల చుట్టూ జనం చేరి ఉన్నారు. ముందు రోజు సగంలో ఆపిన కథ ఉంది.

తలుపు ఊడదీయలేదు. ఆకురాయి తీసుకుని బేడెం మొనను సన్నగా అరగదీశాను. పిడి తిరగడానికి అడ్డుపడుతున్న గాడి అంచును కూడా అరగదీశాను. ఒక చుక్క నూనె వేశాను. వెన్నలో కదిలినట్టు కదిలింది. "పిచ్చుక ఈక తగిలినా లేస్తది సూడు" అన్నాను. ఆమె సంతోషపడి పంపు స్టవ్ మీద చాయ్ పెట్టింది.

అప్పుడు ఒకటి జరిగింది. అది ఇప్పుడు రాయలేను. కలం అక్కడిదాకా పోయి ఆగిపోతోంది. చివర రాస్తాను.

తర్వాత కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం. వాన. బాలమణి ఊరివాడు సాయిలు అని ధారావిలో ఉంటూ కూలికి పోయేవాడు. ఊరికి పోయి వచ్చి, ఆమె తల్లి పంపిన పల్లీల మూట ఇవ్వడానికి వచ్చాడు. ఊరివాడు కదా, లోపల కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. పరదా తడుస్తోందని ముడివేసి పక్కకు కట్టింది. గాలి ఒక్క తోపు తోసింది. తలుపు ధడాలున మూసుకుంది. ఆ అదురుకు బేడెం కిందికి పడింది. సన్నబడిన మొన తూటులో ఏటవాలుగా దిగి, పైన తలుపు బరువు ఉండటంతో ఇరుక్కుపోయింది.

వాళ్లు ఎంతసేపు గుంజారో నాకు తెలియదు. ఆమె అరిచి ఉంటే బాగుండేది. బేడెం పడ్డది, ఎవరన్నా రండి, అని గట్టిగా ఒక కేక వేసి ఉంటే జనం నవ్వి ఊరుకునేవారు. కానీ పగటిపూట మూసిన తలుపు వెనక, పరాయి మగవాడు ఉండగా, ఆమెకు నోరు పెగల్లేదు. ఎవరి కళ్లా పడకముందే తీసేద్దామని చప్పుడు చేయకుండా గుంజుతూ ఉండిపోయింది. ఆ మౌనమే ఆమె మీద సాక్ష్యం చెప్పింది.

మొదట చూసింది గంగవ్వ. నల్లా దగ్గర కూర్చుని చాల్ మొత్తానికి కాపలా కాసే ముసలామె. ఆమె తలుపు తట్టింది. తర్వాత నలుగురు తట్టారు. నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. తలుపు ఏదైనా మొరాయిస్తే నన్నే కదా పిలుస్తారు. పిలిచారు.

తలుపు కిందికి గడ్డపార దూర్చి పైకి లేపాను. బరువు బేడెం మీంచి తొలగితే గానీ అది రాదు. జబ్బు ముందే తెలుసు కనుక మందు అంత త్వరగా దొరికింది. ఆ సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదు. "ఇగ గుంజు చెల్లె" అన్నాను. తలుపు తెరుచుకుంది.

ఆమె వేళ్ల మీద నెత్తురు. నేల మీద విప్పని పల్లీల మూట. తాగకుండా వదిలేసిన చాయ్ మీద మీగడ కట్టి ఉంది. ఇవన్నీ చూసింది నేనొక్కణ్నే అనుకుంటాను. మిగతావాళ్లు సాయిలును చూస్తున్నారు.

"బేడెం ఎవలేసిండ్రు?" గంగవ్వ అడిగింది.

"ఎవలెయ్యలే అవ్వా. గాలికి దర్వాజ పడ్డది. బేడెం దానంతల గదే పడ్డది."

"నా జమానంత ఈ చాల్ల గడిచింది. నా బేడెం ఒక్కనాడన్న గదే పడలే. నీదేమన్న సదువుకున్న బేడెమా?"

బాలమణి నా వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు చెప్పు. నువ్వే గద బాగుజేసింది. గదే పడుతదా, పడదా? నీకెర్కనే గద."

అందరూ నా వైపు తిరిగారు. వినే మొహాలు.

నేను కిందికి చూశాను. గాడి అంచు మీద నా ఆకురాయి గీతలు తళతళమంటున్నాయి. వేలు పెట్టి చూపిస్తే చాలు. నేను చేసిన పని చెడ్డది, అని ఒక్క మాట అంటే చాలు. నాకు పోయేదేమిటి? కప్తాను ఇనప్పెట్టె తెరిచినవాడినన్న పేరు. అది కూడా అబద్ధపు పేరు. ఒక అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఒక మనిషిని ఇస్తామా? ఇంత పొడుగున ఆలోచించానని కాదు. ఇదంతా తర్వాత, ఏళ్ల తరబడి ఆలోచించింది. అప్పుడు నాకు తట్టింది ఒక చమత్కారం. తట్టగానే నోట్లోంచి వచ్చేసింది.

"ఏమో చెల్లె. నేను జేసిననాడైతే బేడెంకు కాళ్లు లేవు. వానలకు మొలిచినయేమో."

నవ్వారు. గదుల ముందున్న గ్యాలరీ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నవ్వింది. గంగవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సాయిలు చొక్కా పట్టుకున్నవాళ్లు నవ్వుతూనే పట్టుకున్నారు, నవ్వుతూనే మెట్ల మీంచి కిందికి తోశారు. బాలమణి నన్ను తిట్టలేదు. మొదటిసారి నన్ను ఏ ప్రశ్నా అడగలేదు.

నర్సింలు ఆమెను కొట్టలేదు. ఆమె వండిన అన్నం తినడం మానేశాడు. ఆ తర్వాత, కొన్నాళ్లు తల్లిగారింట్లో ఉండమని రైలెక్కించి వచ్చాడు. ఆ కొన్నాళ్లు ఇంకా గడవలేదు.

ఆమె వెళ్లిపోయాక, ఎవరూ అడగకుండానే పోయి ఆ తలుపు ఊడదీశాను. అన్నీ సరిగ్గా చేశాను. కర్రముక్కలు, కొత్త స్క్రూలు, కొత్త బేడెం. పాతదాన్ని సంచిలో వేసుకున్నాను. అచ్చిరాని ఇనుము ఇంట్లో ఉండకూడదని నర్సింలుతో అన్నాను. ఆ అరిగిన గాడిని ఎవరైనా చూస్తారన్న భయంతో పట్టుకుపోయానని నాకు తెలుసు. అతను కిందినుంచి చాయ్ తెప్పించాడు. "నువ్వొక్కనివే వచ్చినవ్ అన్నా" అన్నాడు. అన్నా అన్నాడు. బావా అనలేదు. ఆ వరస ఆమె వల్ల వచ్చింది, ఆమెతో పోయింది.

నా మాట మాత్రం చాల్‌లోనే ఉండిపోయింది. పగటిపూట ఎవరి తలుపైనా కాస్త దగ్గరగా వేసి ఉంటే, "బేడెంకు కాళ్లొచ్చినయా?" అంటారు. బాలమణిని చూడని పిల్లలు అంటారు. తెలుగు సరిగ్గా రాని పిల్లలు ఆ మాటను మరాఠీలోకి మార్చుకుని అంటారు. నేను అల్లిన కథల్లో ఏదీ ఒక వానకాలం దాటి బతకలేదు. ఇది బతికింది.

నర్సింలుకు వేరే సంబంధం చూస్తున్నారని తెలిసిన రోజు పాత బేడేన్ని జేబులో వేసుకుని అతని దగ్గరికి పోయాను. చెప్పాను. గాడి చూపించాను. అతను దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "నీ దుకాణంల ఇసొంటియి బుట్టెడుంటయి అన్నా" అన్నాడు. "దాని మీద జాలితోని చెప్తున్నవ్. మంచి కథనే. గప్పుడే చెప్తే నమ్మేటోన్ని." బేడేన్ని తనే నా జేబులో పెట్టాడు. ఆ మాటలో వెక్కిరింత లేదు. వెక్కిరించి ఉంటే తట్టుకునేవాణ్నేమో. ఆ వేసవిలో అతనికి పెళ్లయింది. భోజనాలకు నన్ను పిలిచాడు. పోలేదు.

చాలాకాలం నేను చెప్పుకున్నది, నిజం చెప్పినా నమ్మలేదు కదా, నేనేం చేస్తాను, అని. అది కూడా అబద్ధమే. ఆ రోజు నేను పట్టుకుపోయింది సగం నిజం. పొరపాటయింది, నాకు తెలియక జరిగింది, అన్నాను. మిగతా సగం చెప్పి ఉంటే నమ్మేవాడేమో. కథలల్లేవాడు తనను తాను అంత నీచంగా చూపించుకునే కథ అల్లడని అతనికి తట్టేదేమో.

పాలమూరు నుంచి పనికి వచ్చినవాళ్లు ఫోరస్ రోడ్ మీద చాయ్ తాగుతూ నాకు కనిపిస్తుంటారు. బాలమణి ఎట్లా ఉందని అడిగితే చెబుతారు. చెబుతారనే అడగను.

నా పేరు ఇక్కడ పెట్టడం లేదు. సిగ్గు ఒక కారణం. పేరు చూస్తే మావాళ్లు దీన్ని కూడా కథే అంటారన్నది ఇంకో కారణం. ఎవరో తెలియని మనిషి చెబుతున్నాడు కనుక మీరైనా నమ్మండి. క్షమించమని అడగడం లేదు. క్షమించవలసిన మనిషి మీరు కాదు.

చివర రాస్తానన్నది ఇది.

బాలమణి అటు తిరిగి స్టవ్ దగ్గర ఉంది. నేను సామాను సర్దుకుని లేస్తుంటే నా మోకాలు తలుపుకు తగిలింది. తలుపు కొంచెం అదిరింది. పైకెత్తి, పిడి తిప్పి పెట్టిన బేడెం గాడిలోంచి జారి దానంతటదే దిగింది. టక్కుమని బండకు తగిలింది. స్టవ్ చప్పుడులో ఆమెకు వినపడలేదు. నేను విన్నాను. చూశాను. గాడి ఇక పట్టదని అర్థమైంది. కిందినుంచి ఎవరో నన్ను పిలిచారు, కథ కోసం. రేపు వచ్చి చూద్దాంలే అనుకున్నాను. వేలితో దాన్ని పైకెత్తి పెట్టాను. చాయ్ తాగి, బాగుందని చెప్పి, మెట్లు దిగాను. రేపు పోలేదు. ఎల్లుండీ పోలేదు.

గదే పడుతదా, పడదా, నీకెర్కనే గద, అని అందరి ముందూ ఆమె నన్ను అడిగింది.

పడుతది చెల్లె. నాకెర్కనే.