ఎదురు రాకూడని ముఖం

మా అమ్మకు ఒక కన్ను ముందే పోయింది. దానంతటది పోలేదు, ఒకడు వచ్చి పోగొట్టాడు. నేను అత్తవారింట్లో ఉన్నప్పటి సంగతి. భుజాన సంచి వేసుకుని ఊరూరా తిరిగే కండ్ల వైద్యుడొకడు అమీర్‌పేటకు వచ్చి, మా ఇంటి అరుగు మీద అమ్మను కూర్చోబెట్టి, కంట్లోకి సూది దింపి, తెల్లబడిన శుక్లాన్ని లోపలికి తోసేశాడట. వెంటనే మూడు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగితే, అమ్మ మూడని అరిచి మరీ చెప్పిందట. వాడకట్టంతా మూగి అబ్బురపడింది. ఇచ్చింది పుచ్చుకుని వాడు పంజాగుట్ట దారి పట్టాడు. ఆ కన్ను ముందు ఎర్రబడింది, తర్వాత వాచింది, ఆఖరికి చీము పట్టి గుంట మిగిలింది.

శుక్లాన్ని బయటికి తీయకుండా కంట్లోనే ఒక మూలకు తోసెయ్యడం ఈ దేశంలో ఎన్నో తరాలుగా ఉన్న విద్యేనని, వాళ్ళ చేతుల్లో చూపు వచ్చినవాళ్ళూ లేకపోలేదని తర్వాతెప్పుడో ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. ఆయనకేం, విద్య గురించి నిదానంగా మాట్లాడగలడు. నాకు మాత్రం ఆ సూదివాడు ఎదురుపడితే వాడి సంచి లాక్కుని చెరువులో పారేద్దామనే ఉండేది.

నేను పుట్టింటికి తిరిగి వచ్చేటప్పటికి అమ్మ రెండో కన్నుకూ మబ్బు పట్టింది. నా భర్త విషజ్వరంతో పోయాడు. గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, అత్తవారు నన్ను బండి ఎక్కించారు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు, తోడబుట్టినవాళ్ళు లేరు. గుమ్మంలో అమ్మ నన్ను చేతులతో తడిమి చూసింది. భుజాలు తడిమింది, బోసి మణికట్లు తడిమింది, అక్కడ ఆగిపోయింది. నుదుటి దాకా చెయ్యి రానివ్వలేదు.

అప్పటి అమీర్‌పేట ఊరే. మా ఇంటి వెనక జొన్నచేను, ముందు ఎర్రమంజిల్ వైపు పోయే మోటార్లు లేపే దుమ్ము. పొద్దున్నే ఎవరైనా పనికి బయలుదేరుతుంటే నేను తలుపు చాటుకు పోవాలి. విధవ ఎదురొస్తే పోయిన పని కాదని నమ్మకం. మొదట్లో నోటితో చెప్పారు, తర్వాత చెప్పనక్కర లేకుండా నా కాళ్ళకే అలవాటైంది. బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూస్తే మాట ఆపేసేవారు. నాతో మాట్లాడేది అమ్మే, ఆమెకు నేను కనిపించను. కనిపించేవాళ్ళేమో మాట్లాడరు. కొన్ని రోజులు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఒక్క పక్కింటి అక్క మాత్రం మాట్లాడేది. వాళ్ళు క్రైస్తవులు. ఆమె పట్నంలోని పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో ఆయాగా చేసేది. తర్వాత నాకు చదువు చెప్పింది కూడా ఆవిడే. అమ్మ రెండో కన్ను సంగతి ఆమే పట్టించుకుంది.

"పెద్దమ్మా, గా సూదోని లెక్క గాదు. మా దవఖానల మొత్తం బయటికే తీస్తరు. కండ్లు వచ్చి ఇంటికి పోయినోళ్ళను మస్తుమందిని చూసిన," అంది.

అమ్మ అడ్డంగా తలూపింది. "ఉన్నది ఒక్కటే బిడ్డ. వెలుతురన్న తెలుస్తుంది గదా, గది సుత పోతే?"

ఆ ఏడు వానాకాలమంతా అదే మాట. కంటి ఆపరేషన్లు చలికాలంలోనే చేయించుకోవాలని జనం నమ్మకం. చలి మొదలయ్యాక ఒకరోజు అన్నం తింటూ ఉన్నట్టుండి అమ్మే అంది, "పోదాం తియ్యి. నీ మొఖం జూడక శానా దినాలాయె. ఒక్కపారన్న జూసి పోతా."

ఆమె చూడాలనుకుంటున్న ముఖం ఇప్పుడు లేదు. పెళ్ళినాడు పావలా కాసంత బొట్టుతో ఉన్న నన్ను మనసులో పెట్టుకుని, ఆమె ఉన్న ఒక్క కన్నునూ కత్తి కిందికి తీసుకుపోతోంది. వద్దని చెప్పాలనిపించింది. చెబితే ఆమె చీకట్లోనే ఉండిపోతుందని ఊరుకున్నాను.

బయలుదేరిన రోజు నేను దొడ్డిదారిన పోయి, టాంగా కదిలాక వెనక ఎక్కాను. పక్కింటి అక్క ఎదురొచ్చింది. ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఆమె కూడా బొట్టు పెట్టుకోదు, వాళ్ళ మతంలో లేదు. ఆమె నుదురూ బోసిదే, నా నుదురూ బోసిదే. ఆమె ఎదురొస్తే శకునం మంచిది, నేనొస్తే చెడ్డది. దీని లెక్కేమిటో ఆ పైవాడికే తెలియాలి. నవ్వొచ్చినా నమ్మకం మాత్రం పోలేదు, నేను వెనకే కూర్చున్నాను.

ఆపరేషన్ ఎలా జరుగుతుందో డాక్టరు నాకు ముందే చెప్పాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన. కంట్లో చుక్కలు వేసి మొద్దుబారుస్తారు. మనిషి మెలకువగానే ఉంటుంది. నల్లగుడ్డు అంచున కోసి, పండిన శుక్లాన్ని బయటికి తీస్తారు. కుట్టు వేయరు, కోసినచోటు తనంతట తానే అతుక్కోవాలి. "అది అతుక్కునే దాకా దగ్గకూడదు, తుమ్మకూడదు, ఏడవకూడదు. ఏం చేసినా కన్ను విచ్చుకుంటుందమ్మా. మా పని కత్తితో అయిపోతుంది. అసలు పని మీది," అన్నాడు.

ఆ అసలు పని ఏమిటో వార్డులో తెలిసింది. అమ్మను వెల్లకిలా పడుకోబెట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టారు. రెండు కళ్ళకూ కట్టు కట్టారు, ఉన్న కన్నుతోపాటు ఆ గుంటకు కూడా. నమిలితే దవడ కదులుతుందని గంజే తాగించేవాళ్ళం. మాట్లాడించవద్దన్నారు. అలా మాట కూడా పోయింది. ఆమె చీకట్లో, నేను వెలుతురులో, మధ్యన జానెడు దూరం. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని ఆమె వేళ్ళు పట్టుకునేదాన్ని. ఒకసారి పక్క మంచం ఆమెకు తుమ్ము వచ్చింది. ఆపుకోలేకపోయింది. తర్వాత నర్సులు పరుగెత్తడం, ఆమెను వేరే గదికి మార్చడం చూశాను. అప్పటి నుంచి ఎక్కడో పోపు వాసన వచ్చినా లేచి కిటికీ మూసేదాన్ని. వార్డంతా మనుషులే, అయినా నా జన్మలో అంత ఒంటరిగా ఎన్నడూ లేను. దేవుణ్ణి అడగడానికి కూడా భయపడ్డాను, నేనడిగితే ఏమవుతుందోనని.

కట్టు విప్పే రోజు కోసం అక్క, నేను ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఆమె ఎదురుగా నిలబడాలి, నేను తలుపు వెనక ఉండాలి. అమ్మ మొదట చూసే ముఖం నాది కాకూడదు. అక్కకు ఇది ఇష్టం లేదు. "మా దేవునికి గిసొంటియి లెవ్వు చెల్లె. నీ తృప్తి కోసం నిలబడ్త," అంది.

డాక్టరు కిటికీ పరదా సగం లాగి, కట్టు మెల్లగా విప్పి, దూది తీశాడు. అమ్మ రెప్ప తెరవలేదు, అక్క వైపు చూడలేదు. "నా బిడ్డ ఏది? నా బిడ్డనే ముందుగాల జూస్త," అని చేతులు చాచింది. డాక్టరు నన్ను కేకేశాడు. నేను తలుపు వెనకే ఉండిపోయాను. అక్క వచ్చి చెయ్యి పట్టి లాక్కుపోయి తన పక్కన నిలబెట్టింది.

"ఏమ్మా, ఎంతమంది ఉన్నారు ఎదురుగా?" అన్నాడు డాక్టరు.

అమ్మ కన్ను మా ఇద్దరి మీద కాసేపు నిలిచినట్టే ఉంది. తర్వాత రెప్ప వాలింది. "నాకేం కనవడ్తలేదు," అంది.

డాక్టరు వేళ్ళు చూపించాడు. దీపం చూపించాడు. లేదు, లేదు అనే చెప్పింది. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "కన్ను శుభ్రంగా ఉంది. చూపెందుకు రాలేదో నాకు అంతుపట్టడం లేదు. పుండు పూర్తిగా మానాక తీసుకురండి, అద్దాలు పెట్టి చూద్దాం," అన్నాడు.

నాకు అంతుపట్టింది. నా ముఖం ఎదురొచ్చింది, చూపు పోయింది. అక్క ఎంత వాదించినా నా చెవికెక్కలేదు. ఇంటికొచ్చాక నేను అమ్మకు పక్కనుంచే అన్నం పెట్టేదాన్ని, ఎదురుగా కూర్చునేదాన్ని కాదు. గుడ్డిదానికి ఎదురుగా కూర్చోవడానికి కూడా భయపడే దశకు వచ్చాను. అమ్మ కూడా బాగా కుంగిపోయింది. అరుగు మీద, వెలుతురు తగలకుండా ఆసుపత్రిలో తలకు కట్టిన పచ్చగుడ్డను కన్ను మీదికి దించుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. ఏమైనా అడిగితే ఊఁ అనేది.

ఒక మధ్యాహ్నం వాడకట్టులో చప్పుడు లేదు. అక్క ఆసుపత్రికి పోయింది. నేను గదిలో బట్టలు మడత పెడుతుంటే దేవుడి గూట్లో కుంకుమ బరిణె కనిపించింది. నన్ను చూసేవాళ్ళెవరూ లేరు. ఉన్న ఒక్క మనిషికీ కళ్ళు లేవు. నా చెయ్యి దానంతటదే పోయింది. గోడకు తిప్పి పెట్టిన అద్దాన్ని ఇవతలికి తిప్పి, వేలితో పెద్దదిగా బొట్టు పెట్టుకున్నాను. అద్దంలో నేను మళ్ళీ ఉన్నాను. ఎంతసేపు చూసుకున్నానో తెలియదు. వెనక ఏదో అలికిడైతే ఉలిక్కిపడి, కొంగు తీసి నుదుటి మీదికి పోనిచ్చాను.

"ఆగు. తుడ్వకు," అంది అమ్మ.

గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. పచ్చగుడ్డ నెత్తి మీదికి తోసేసుకుంది. నా కొంగు చేతిలోనే ఆగిపోయింది.

"నీకు కనిపిస్తోందా?" అన్నాను.

"కట్టు ఇప్పిన్నాడే కనవడ్డది బిడ్డ. అంత మసకనే, గని వెలుతురు మస్తుండె. రెండు మొఖాలు కనవడ్డయి. రెంటికీ నొసటి మీద ఎరుపు లేకుండె. ఆ పిల్ల పెట్టుకోదని నాకెరుకే. ఇగ రెండోది నువ్వే." పచ్చగుడ్డను పూర్తిగా తీసి చేతిలో పట్టుకుంది. "మీ నాయిన పోయిన్నాడు సుత నాకు గట్ల గాలే. ఏడిస్తె కన్ను పోతదనిరి. చూసుకుంట ఏడ్వకుండ నా తోటి గాదు. అందుకే కనవడ్తలేదన్న, కన్ను మూసుకోని ఉండొచ్చని."

నాకు మొదట వచ్చింది కోపమే. ఇన్నాళ్ళూ నా ముఖమే నీ కన్ను తినేసిందనుకున్నాను గదా అని అరిచాను. ఎదురుగా కూర్చుని అన్నం పెట్టలేకపోయాను గదా అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. ఆమె ఒక్క మాటా కాదనలేదు. వచ్చి నా పక్కన కూలబడింది. ఇద్దరం ఏడ్చాం. కన్ను అప్పటికే అతుక్కుని ఉండాలి, ఏమీ కాలేదు.

అద్దాలకు పోయే రోజు అమ్మ కుంకుమ బరిణె నా చేతికిచ్చింది. "ఒక్క గీ దినం పెట్టుకో. గా అద్దాలల్ల అంత సక్కగ కనవడ్తదంట. ఒక్కపారి అట్లనే జూస్త," అంది.

నేను బరిణె గూట్లో పెట్టేశాను. "వద్దమ్మా. ఉన్నదున్నట్టు చూడు," అన్నాను. ఆ రోజు దొడ్డిదారిన పోలేదు. ముందు గుమ్మం నుంచే దిగి, టాంగాలో ఆమె ఎదురుగా కూర్చున్నాను.

డాక్టరు సీసా అడుగంత మందం అద్దాలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి తీస్తున్నాడు. ఒకదానికి అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. నేను ఎదురుగా నిలబడ్డాను. బోసి నుదురు, బోసి మెడ, అన్నీ అలాగే. ఆ అద్దాల వెనక ఆమె కన్ను ఇంత పెద్దదై నన్ను పైనుంచి కిందిదాకా నెమ్మదిగా చూసింది. నుదుటి మీద ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నా చెంపల మీదికి, మెడ ఎముకల మీదికి, చేతుల మీదికి దిగింది.

"గింత సన్నవడ్డవేందే? బుక్కెడన్న తింటున్నవా లేదా?" అంది అమ్మ.

నేను పుట్టింటికి వచ్చాక ఆ మాట నన్నెవరూ అడగలేదు. అడగాలంటే ముందు నన్ను చూడాలి గదా.