ఉస్తాద్ తర్వాత ఎవరు

మొన్న ఆదివారం మా మనవడూ వాడి స్నేహితులు ముగ్గురూ హాల్లో కూర్చుని గొంతులు చించుకుంటుంటే, ఏ ఆస్తి తగాదానో అనుకుని చెవి మిషను పెట్టుకుని మరీ వెళ్లాను. తీరా చూస్తే ఎక్కడో సముద్రాల అవతలి ఫుట్‌బాల్ క్లబ్బు గురించి. ఆ క్లబ్బులో జట్టును ఆడించే మేనేజరు తర్వాత ఎవరు రావాలన్నది తగువు. ఒకడు ఫలానా స్పెయిన్ వాడు రావాలంటాడు, ఇంకొకడు పాత ఆటగాడే రావాలంటాడు. "ఇప్పుడున్నాయన సచ్చిపోయిండా బిడ్డా?" అని అడిగాను. "లే నానమ్మా, మంచిగనే ఉన్నడు. నిన్న కూడ మ్యాచ్ గెలిపిచ్చిండు" అన్నాడు మనవడు. "మరి ఆయన వింటడు గదరా" అంటే నలుగురూ నవ్వారు. "వింటే వింటడు. వాళ్లకు గివన్ని మామూలే" అన్నాడు. వాళ్లకు మామూలేనేమో. నేను మాత్రం నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసుకున్నాను.

నేను పుట్టింది బోథ్‌లో. జొన్నచేలు, ఎడ్లు తప్ప బంతి చూసిన కళ్లు కావు నావి. భైంసాకు కాపురానికి వచ్చిన ఏడాదే ఆ ఊరు నాందేడ్ జిల్లాలోంచి తీసి ఆదిలాబాద్ జిల్లాలో కలిపారు. జిల్లా మారింది గానీ ఇంటి కప్పు కారడం మారలేదని మా అత్త విసుక్కునేది. మా ఆయన పత్తి మిల్లులో కాంటా దగ్గర పనిచేసేవాడు. మిల్లు వెనక పెద్ద ఖాళీ జాగా ఉండేది. దసరా దాటిందంటే ఆ జాగా అంతా పత్తి బండ్లు, పత్తి కుప్పలు. మళ్లీ తొలకరి పడిందంటే అదే జాగాలో బంతి. అంచున ఉన్న తుమ్మచెట్ల ముళ్లకు దూదిపింజలు ఏడాది పొడుగునా వేలాడుతూనే ఉండేవి, వాటి కిందే మా ఊరి జట్టు బురదలో పొర్లేది. అందులో ఆడే మా ఆయన బురద లాగులు ఉతికింది నేను కాబట్టి ఫుట్‌బాల్ గురించి మాట్లాడే హక్కు నాకు కొంత ఉందనే అనుకుంటాను.

ఆ జట్టును నడిపింది మా పక్కింటాయన. ఊరందరికీ ఉస్తాద్, నాకు చాచా. ఆయన భార్య చాచీ. మా అరుగుకూ వాళ్ల గదికీ మధ్య ఉన్నది ఒకే గోడ, అందులో ఒక చిన్న కిటికీ. చాచా నిజాం ఫౌజులో బంతి నేర్చినవాడు. పోలీసు యాక్షన్ తర్వాత ఫౌజు పోయింది, జీతం పోయింది, ఉన్న ఊళ్లో ఇల్లూ పోయింది. ఒక జత బూట్లు, ఒక ఈల, చాచీ, ఇవి మిగిలాయి. మా మిల్లులో కూలీల హాజిరీ రాసే పని దొరికి భైంసాలో దిగాడు. పిల్లలు లేరు. పొద్దంతా హాజిరీ పుస్తకం మీద వంగి ఉండే మనిషి, సాయంత్రం మైదానంలో అడుగుపెట్టాడంటే నిటారుగా అయిపోయేవాడు. ఆ రెండు గంటల కోసమే బతికేవాడని చాచీ అనేది. అందులో ఆమెకు కొంచెం అసూయ కూడా ఉండేదని నా అనుమానం.

ఎవరు ఆడతారో ఆయన నోటితో చెప్పేవాడు కాదు. ఆట ముందురోజు సాయంత్రం సంచీలో పదకొండు నిమ్మకాయలు వేసుకుని బయలుదేరేవాడు. ఎవరి గడప మీద నిమ్మకాయ పెడితే వాడు ఆడుతున్నట్టు. మర్నాడు సగం ఆట అయ్యాక దాన్నే కోసి ఉప్పద్దుకుని చప్పరించేవాళ్లు. పెట్టేటప్పుడు మాటా పలుకూ ఉండదు, పెట్టి వెళ్లిపోవడమే. నిమ్మకాయ రాని ఇంటి ముందు నుంచి పోవలసి వస్తే తల వంచుకుని నడిచేవాడు. దీంతో ఊళ్లో ఆడవాళ్లకు కొత్త కొలమానం దొరికింది. బావి దగ్గర "మీ ఇంటికొచ్చిందా?" అని అడిగితే ఏది వచ్చిందని ఎవరూ అడిగేవారు కాదు. నేను కాపురానికి వచ్చిన మరుసటి ఏడు వానకాలంలో వరసగా రెండు ఆటలకు మా గడపకు నిమ్మకాయ రాలేదు. మా ఆయన మోకాలు వాచి ఉంది, చాచా అది చూశాడు, నెల రోజులు ఆగమన్నాడు. మా ఆయన సరేనన్నాడు. నేను అనలేదు. బావికి వెళ్లే వేళ మార్చుకున్నాను, చాచీ దగ్గరికి పెరుగు తోడుకు వెళ్లడం మానేశాను. పద్దెనిమిదేళ్ల వయసులో పౌరుషం అలాగే ఉంటుంది మరి.

ఇంతలో చాచాకు దగ్గు పట్టుకుంది. మిల్లులో దూది ధూళి ఎవరినీ వదలదు. ఒక సాయంత్రం మైదానంలోనే కూలబడ్డాడు. ఆ మర్నాటి నుంచి మా అరుగు కచేరీ అయింది. మా వీధి దర్జీ, మా మరిది, ఇంకా అయిదారుగురు ఆట పిచ్చివాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. దర్జీ మాటలో సగం మరాఠీ. "అరే బాబా, ఉస్తాద్‌కు ఏమన్నైతే మన టీం గతి కాయ్?" అని అతనే మొదలుపెట్టాడు. అక్కణ్నుంచి రెండు పార్టీలు. ఒక పార్టీకి బడిలోకి కొత్తగా వచ్చిన కోస్తా డ్రిల్లు మాస్టారు కావాలి. ఆయన దగ్గర ఫుట్‌బాల్ మీద లావుపాటి పుస్తకం ఉందట. "ఆయనైతె బుక్కు చూసి ఆడిస్తడు" అని మా మరిది అంటే, "బంతి చదివిందా గా బుక్కు?" అని దర్జీ అడిగేవాడు. దర్జీ పార్టీకి మా ఆయన కావాలి. మా ఆయన మాత్రం "ముసలాయన ఉండంగ గియేం మాటలు" అని లేచి వెళ్లేవాడు. లేచి వెళ్లిన మనిషి పేరే ఎక్కువ వినబడేది. నేను తలుపు వెనక నిలబడి, పేరు వచ్చినప్పుడల్లా చాయలో ఇంకో చెంచా చక్కెర వేసేదాన్ని.

వారం గడిచాక ఒకటి గమనించాను. రోజంతా గోడ అవతల నుంచి వినబడే దగ్గు, వీళ్లు వచ్చి కూర్చోగానే ఆగిపోయేది. వీళ్లు లేచి వీధి మలుపు తిరిగాక, అంతసేపూ బిగబట్టిందంతా ఒక్కసారిగా తెరలు తెరలుగా వచ్చేది. చాచా వింటున్నాడు. అదీ తను వింటున్నట్టు వాళ్లకు తెలియకూడదని దగ్గును మింగుతూ వింటున్నాడు. నేను వెంటనే చెప్పవలసింది. కనీసం అరుగు మీది నుంచి లేపి ఇంకోచోట కూర్చోమనవలసింది. ఆ రెండూ చెయ్యలేదు. మా ఆయన పేరు అలా నలుగురి నోళ్లలో నలుగుతుంటే నాకు తియ్యగా ఉండేది. ఇప్పుడు దాచడం దేనికి?

చివరికి పెద్దరికం చూపించాలని వాళ్లు ఒక నిర్ణయానికి వచ్చారు. మన నోళ్లు ఎందుకు, ఉస్తాద్‌నే అడుగుదాం, అదీ మర్యాదగా అడుగుదాం అని. దండ కట్టించారు. దర్జీ తన చేత్తో అంచు కుట్టిన శాలువా తెచ్చాడు. అందరూ వెళ్లి దండ వేసి, శాలువా కప్పి, "తమరు నూరేండ్లుండాలె. గని తమరి తర్వాత ఎవలో తమరి నోటితోనే చెప్పాలె" అన్నారు. చాచా వంగి సలాము చేసి, "బహుత్ మెహర్బానీ. రేపు చెప్త" అన్నాడట. తిరిగి వచ్చి దర్జీ మా అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. "ఆయన లేకుంటె నేను మళ్ల బంతి మొఖం చూడ" అని, తలుపు వెనక ఉన్న నాకు మాత్రమే వినబడేంత మెల్లగా అన్నాడు. అతనికి శాలువా అంటే గౌరవం. కానీ మా మిల్లులో సేఠుకు ఒక పద్ధతి ఉండేది. ఎవరినైనా పనిలోంచి తీసేసే రోజున దండ వేసి శాలువా కప్పేవాడు. మర్నాడు హాజిరీ పుస్తకంలో ఆ పేరు ఉండేది కాదు. ఎన్నో ఏళ్లుగా ఆ పేర్లను గీత గీసి కొట్టేస్తూ వచ్చింది చాచాయే. ఆ మిల్లులోనే పనిచేసే మా ఆయనకు కూడా ఈ సంగతి తట్టలేదు.

ఆ మర్నాటికి మర్నాడు నిర్మల్ జట్టుతో ఆట. ఆట ముందురోజు సాయంత్రం తలుపు తీసేసరికి మా గడప మీద రుమాలులో కట్టి పదకొండు నిమ్మకాయలు ఉన్నాయి. మా ఆయన వాటిని పట్టుకుని పక్కింటికి పరుగెత్తాడు. గోడ ఇవతల నుంచి నేను అంతా విన్నాను. "గిదేంది చాచా, మేము గట్ల అన్లే" అని ఆయన. "దగ్గు ఎక్కువైంది బేటా, జర ఆరాం కావాలె. పెద్దమనుషులు శాలువ కప్పినంక మళ్ల మాట తీసుడు తహజీబ్ కాదు" అని చాచా. మా ఆయన నిజంగానే దగ్గు వల్లనే అనుకున్నాడు. నిమ్మకాయలు పంచి వచ్చి, చివరిది మా గడప మీద తనే పెట్టి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆట రోజు ఊరంతా మిల్లు వెనకే ఉంది. నేను ఇంట్లో నిలవలేక, పెరుగు తోడు నెపంతో చాలా రోజుల తర్వాత చాచీ దగ్గరికి వెళ్లాను. ఆమె పీట వేసింది. చాచా పెరట్లో గోడకు చెయ్యి ఆనించి, మైదానం వైపు చెవి పెట్టి నిలబడి ఉన్నాడు. జనం కేక పెరిగినప్పుడల్లా, "బంతి ఎడమ దిక్కు పోయింది", "గిప్పుడు నిర్మలోళ్ల కాడ ఉన్నది" అని తనలో తను చెప్పుకుంటున్నాడు. "ఎట్ల తెలుస్తది చాచా?" అని అడిగాను. "మనోళ్లు మొత్తుకుంటలేరు గద" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆయన మొహం చూసి ఆగిపోయాను. అప్పుడు నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు. "నువ్వు గా అరుగు మీదనే ఉంటవు గద బేటీ. అన్ని వింటవు. జర నిజం చెప్పు. వాళ్లు నన్ను పొమ్మన్నరా?"

దర్జీ ఏడ్చింది నేను చూశాను. "ఆయన లేకుంటె" అన్న మాట నా చెవులతో విన్నాను. అది చెబితే చాలు, ఆయన ఆ క్షణమే బూట్లు తొడుక్కుని మైదానానికి వెళ్లేవాడు. మా ఆయన మళ్లీ గడప వైపు చూసుకునే పదకొండు మందిలో ఒకడయ్యేవాడు. ఈ లెక్క నేను కూర్చుని వేసుకున్నది కాదు, దానంతట అదే నా నాలుక మీదికి వచ్చి అడ్డంగా కూర్చుంది. నేను తల దించుకున్నాను. ఇంతలో మిల్లు వెనక ఊరు ఊరంతా ఒక్కటై అరిచింది. "మనదే గోల్" అన్నాడు చాచా. "నిమ్మకాయలు మంచిగ పంచిండు మీ ఆయన" అన్నాడు. తర్వాత గోడ పట్టుకుని, ఎవరికీ దాచవలసిన పనిలేని దగ్గు చాలాసేపు దగ్గాడు. చాచీ లేచి ఆయన వీపు రాసింది. నా వైపు చూడలేదు.

దసరాకు మైదానంలోకి పత్తి బండ్లు వచ్చేలోపే వాళ్లు చాచీ తమ్ముడి దగ్గరికి నాందేడ్ వెళ్లిపోయారు. బస్సు దగ్గరికి ఊరంతా వచ్చింది, మళ్లీ దండలు వేసింది. మరుసటి ఏడు ఆయన పోయాడని కబురొచ్చింది. మా ఆయన ఆ జట్టును చాలా ఏళ్లు నడిపాడు. ఉస్తాద్ ఆరోగ్యం కోసం తనే తప్పుకున్నాడనే కడదాకా నమ్మాడు. నేను ఆ నమ్మకాన్ని చెడగొట్టలేదు. అది ఆయన మీద దయ అని ఒకప్పుడు అనుకునేదాన్ని, ఇప్పుడు అలా అనుకోవడం లేదు. చాచా అడిగినదానికి జవాబు ఎంతని? ఎవరూ పొమ్మనలే చాచా, అంతే. బంతి ఒక కాలి నుంచి ఇంకో కాలికి పోయేంత సేపు చాలు దానికి. ఆ కాస్త సేపట్లో అనలేని మాటను అనడానికి, ఆ తర్వాత బతికిన ఇన్నేళ్లూ నాకు సరిపోలేదు.