దిండు గలీబు తొడుక్కున్న రొట్టె

మా బాబాయి తినే వస్తువును తినే వస్తువుగా చూసి ఎరగడు. ఆయన కంటికి ప్రతిదీ ఇంకోటిలా కనిపించి తీరాలి.

పిన్ని బఠాణీలు వలుస్తుంటే ఒక కాయ లాక్కుని, "ఇది బస్సు. సీట్లన్నీ నిండిపోయాయి" అంటాడు. కాలీఫ్లవర్ తరగబోతే గొర్రెపిల్లను కోస్తున్నంత గొడవ చేస్తాడు. పిన్ని చలించదు. "ఆ గొర్రెపిల్ల ఉడికింది, చల్లారకముందే తినండి" అంటుంది. ఎవరైనా భోజనానికి పిలిస్తే దారి పొడవునా హెచ్చరించి మరీ తీసుకెళ్తుంది. అయినా ఒకసారి పక్కింటావిడ వడ్డించిన గుడ్డును అటూ ఇటూ తిప్పి చూసి, అచ్చం మీవారి బట్టతలే అన్నాడు. ఆ ఇంట్లో మాకు మళ్లీ భోజనం లేదు.

ఈ పిచ్చికి జీతం కూడా ఇచ్చేవారు. ప్రకటనల ఆఫీసులో ఆయన బొమ్మలు వేసేవాడు, పక్క బల్ల దగ్గర నేను మాటలు రాసేవాణ్ణి. రాసేవాణ్ణి అనడం గొప్పకే. నేను రాసిందల్లా ఆయన కొట్టేసేవాడు. "ఆకలేసినవాడు చదవడురా, చూస్తాడు" అని ఒకటే పాట.

ప్రతిసారీ నెగ్గేవాడనుకోకండి. కాఫీపొడి ప్రకటన కోసం కప్పుకు అంకెలూ ముళ్లూ పెట్టి అలారం గడియారం చేశాడు. ఒక్క మాట రాయనివ్వలేదు. ప్రకటన పడిన మర్నాడు కాఫీపొడి ఆసామికి నలభై ఫోన్లు వచ్చాయి, అన్నీ గడియారం ఎంతకిస్తారనే. మేనేజరుగారు తల పట్టుకున్నారు. బాబాయి మాత్రం నలభైమంది చూశారన్నమాట అని మురిసిపోయాడు.

ఆ వేడి చల్లారకముందే రొట్టెల కొట్టావిడ వచ్చింది. ఎదురుగా పెద్ద దుకాణం వెలిసి బేరాలన్నీ లాగేసుకుందట. ఈ ఒక్క ప్రకటనకీ జనం కదలకపోతే పొయ్యి ఆర్పేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతానంది. ఈసారి మాటలు ఉండాల్సిందేనని మేనేజరుగారు పట్టుబట్టారు. నేను ఎగిరి గంతేసి పదహారు వాక్యాలు రాశాను. బాబాయి ఒక రొట్టెముక్కకు దిండు గలీబు తొడిగాడు. మధ్యలో ఎవరో అప్పుడే నిద్రలేచి వెళ్లినట్టు చిన్న గుంట, కింద కొట్టు చిరునామా. అంతే.

కనీసం మెత్తన అన్న మాటైనా పెట్టమని కాళ్లావేళ్లా పడ్డాను. ససేమిరా అన్నాడు. మూడు రోజులు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు ముందు నా కాగితమే చేతిలో పెట్టాను. చాలాసేపు చూసి, బాగుంది బాబూ అని మడతపెట్టేసింది. బాబాయి తన బొమ్మను ముందుకు జరిపాడు. ఆవిడ ఆ గుంట మీద వేలు పెట్టి పకపకా నవ్వింది.

"ఇంత మెత్తగా చేస్తున్నానా నేను?"

ఆవిడే ఒప్పుకున్నాక మేనేజరుగారు ఏమంటారు?

ఆవిడ వెళ్లాక నేను గింజుకుంటుంటే బాబాయి మెల్లగా అన్నాడు. "మొదటిరోజు మన ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసిందిరా. తన రొట్టె గురించి పేపర్లో ఏం వేశామో తనకు తెలియొద్దూ?"

ఆ కాగితం నా చేతుల మీదుగానే వెళ్లింది. దానిమీది ఆ ముద్రను నేను చూడనేలేదు. సిగ్గేసింది. ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టింది.

ప్రకటన పడిన రోజు పొద్దున్నే ఇద్దరం కొట్టుకు వెళ్లాం. జనం మెట్ల దాకా ఉన్నారు. ఆవిడ గల్లాపెట్టె వదిలేసి, పేపరు విప్పి పట్టుకుని, వచ్చినవాళ్లందరికీ ఆ ప్రకటన చదివి వినిపిస్తోంది.