శుక్రవారం దించిన బోర్డు

మా నాయనకు ప్రభుత్వం మాటంటే వేదం. మునిసిపాలిటీ ఆటో మైకులో ఏం చెప్పినా సరే, సందులో అందరికంటే ముందు పాటించేది ఆయనే. ఆ గుణం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అంగళ్ళ బోర్డులకు కొత్త నిబంధనలు రాబోతున్నాయని ఆటో చెప్పిపోయిన మరుసటి పొద్దున నేను అంగడికి వెళ్ళేసరికి మా బోర్డు గోడకు ఆనించి ఉంది. నాయన నిచ్చెన పక్కన పెడుతున్నాడు.

"రోడ్డు మీదికి పొడుచుకోని ఉండే బోర్డులు తీసేయల్లంట గదమ్మా. మనం ముందే తీసేస్తే ఒక పని అయిపోతాది," అన్నాడు.

"ఇంకా జనం అభిప్రాయాలు అడగతానే ఉండారు నాయనా! అందురూ గమ్మునుంటే నీకేం తొందర? అందులోనూ శుక్రవారం పూట!"

మాది చిత్తూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. బజారు వీధిలోంచి లోపలికి పోయే సందులో జాకెట్లు కుట్టే అంగడి మాది. ఒక మిషన్ మీద నాయన, ఇంకో మిషన్ మీద నేను. అంగడి కాస్త లోపలికి ఉంటుంది. ముందు కరెంటు స్తంభం, పక్కన సెల్‌ఫోన్ల అంగడివాడి మిరుమిట్లు గొలిపే లైట్ల బోర్డు. ఇనుప కడ్డీకి వేలాడే మా రేకు బోర్డు ఒక్కటే సందు మొదట్నుంచి కనిపించేది. కార్వేటినగరం నుంచి బస్సెక్కి వచ్చే పెండ్లివాళ్ళు దాన్ని చూసుకునే మా దగ్గరికి వచ్చేవాళ్ళు.

నిబంధన తప్పని నేననను. పోయిన వానాకాలం గాలికి పెద్ద ఫ్లెక్సీ చట్రం ఒకటి ఊడి స్కూటర్ మీద పోతున్న మనిషి మీద పడింది. పాపం, చెయ్యి విరిగింది. బజారు వీధిలో తలెత్తితే ఆకాశం కనబడదు, అన్నీ బోర్డులే. కానీ ఆ ఫ్లెక్సీలూ మా రేకు ముక్కా ఒకటేనా?

పైగా నాయన ఒక సంగతి మరిచిపోయాడు. మా వీధుల్లో బోర్డు దించడమంటే ఒకటే అర్థం. రంగు వేయించాలన్నా నిచ్చెనెక్కించి పైనే వేయిస్తారు గానీ కిందికి దించరు. బోర్డు దిగిందంటే అంగడి ఎత్తేసినట్టే. అంతకాలం వ్యాపారం చేసిన మనిషికి అది తట్టకపోవడం ఏం చోద్యమో!

టీ వేళకల్లా కబురు ఊరంతా పాకింది. మొదట వచ్చింది మసీదు వీధి అక్క. ఆమె కూతురి పెళ్ళి బట్టలు మా దగ్గరే ఉన్నాయి.

"అన్నా, అంగడి మూసేస్తా ఉండారంట గదా! పాప నిఖా ముందర పెట్టుకోని ఇట్లా చేస్తే ఎట్లా? కుట్టకపోయినా పర్లేదు, గుడ్డలన్నా ఇచ్చేయండి!"

ఆమె వెనకే ఇంకొందరు ఆడవాళ్ళు, కొలత జాకెట్లు తిరిగి ఇమ్మని. "మూయలేదమ్మా, మూయలేదు," అని నాయన చేతులూపుతున్నాడు. వినేవాళ్ళేరీ? నాకు కోపం పోయి నవ్వొచ్చింది.

సాయంత్రానికి ఆ నవ్వు లేదు. జనం పోయాక నాయన కత్తెర పక్కన పెట్టి, "ఎట్లాగూ దిగింది గదా, అట్లే ఉండనీలేమ్మా. నాకూ కండ్లు ఆనడంలే. ఇంగ చాలు," అన్నాడు. ఆయన అలసట నాకు తెలుసు. మరి నేను? ఆ మిషన్ చప్పుడు లేని రోజును నేను ఊహించుకోలేను. నా బతుకు ఆ అంగడే.

అభిప్రాయాలు చెప్పమని మునిసిపాలిటీలో మీటింగు పెడితే, మసీదు వీధి అక్కను వెంటబెట్టుకుని పోయాను. పోట్లాటకే పోయాను. దారి పొడుగునా మాటలు నూరుకున్నాను. అక్కడి టౌన్ ప్లానింగ్ మేడమ్, వయసులో నాకంటే చిన్నదే, సగంలోనే ఆపి, "రేపు వచ్చి చూస్తానమ్మా," అంది. నూరుకున్న మాటలన్నీ వృథా.

వస్తుందని నేను నమ్మలేదు. వచ్చింది, నడిచి. మా అంగడి దాటుకుని సందు చివరిదాకా పోయి, తిరిగొచ్చి సెల్‌ఫోన్ల అంగడిలో దారి అడిగింది. నేను గడపలో నిలబడి, "ఈడ మేడమ్, ఈడ!" అని అరిచాను. స్తంభం చాటునుంచి నన్ను చూసి ఆమె ఫక్కున నవ్వింది.

"ఇట్లాంటి సందుల గురించి మేం ఆలోచించలేదమ్మా," అంది. పెద్ద ఆఫీసరు ఆ మాట అనడం నేను వినడం అదే మొదటిసారి.

చివరికి వచ్చిన నిబంధనల్లో పెద్ద ఫ్లెక్సీలు పోయాయి. పక్కవాడి లైట్లు తగ్గాయి. సందుల్లో మాత్రం తలకు తగలనంత ఎత్తులో, గోడ నుంచి మూరెడు మించి బయటికి రాకుండా, గట్టిగా బిగించిన చిన్న బోర్డు పెట్టుకోవచ్చన్నారు. నేను సంబరపడిపోయి మా పాత రేకునే చిన్నదిగా కోయించి రంగు వేయించాను. నాయన దాని వంక ఒకసారి చూసి కత్తెర అందుకున్నాడు. ఆయన మనసులో ఏముందో తెలియక నాకు భయమేసింది.

బోర్డు ఎక్కించే రోజు ఆయనే గుమ్మడికాయ తెచ్చాడు. బోర్డుకు పసుపు కుంకుమ పెట్టి, కాయ మీద కర్పూరం వెలిగించి, దిష్టి తీసి, దాన్ని నా చేతుల్లో పెట్టాడు. నేను బిత్తరపోయాను.

ఎదురింటి పూలమ్మే అవ్వ ఊరుకుంటుందా? "ఏమప్పా, ఆడబిడ్డతో కొట్టిస్తావా? యాడన్నా ఉండాదా?"

"అంగడి ఎవురిదో వాళ్ళే కొట్టల్ల గదవ్వా," అన్నాడు నాయన.

నా కళ్ళ నిండా నీళ్ళు. కాయ ఎంత బరువుగా ఉందో ఇప్పటికీ నా చేతులకు గుర్తు. పైకెత్తి, ఉన్న బలమంతా పెట్టి సందు మధ్యలో కొట్టాను.