డ్రా అయిన ఆట, అబిడ్స్ లడ్డు

నాన్న దినాలు అయిపోయిన మూడోరోజే నాంపల్లిలో చదరంగం టోర్నమెంటుకు వెళ్లాను. ఇంట్లో కూర్చోలేక, అంతే. ఫ్యాన్ ఆగిపోయి ఉక్కపోస్తుంటే టోపీ తీశాను. ఎదుట ఆడుతున్న పెద్దాయన నా గుండు చూసి, "తిరుపతి పోయొచ్చిన్రా?" అని మెల్లగా అడిగారు. ఓదార్పులు విని విని విసుగెత్తి ఉన్నాను. "ఔ" అన్నాను.

నాకు ఒక బంటు ఎక్కువే ఉంది, కానీ ఇక ఆడబుద్ధి కాలేదు. "డ్రా?" అన్నాను. ఆయన వెంటనే చేయి కలిపారు. చెరి అర పాయింటు.

బయటికొస్తూ, "లడ్డు తేలేదా?" అని అడిగారు.

మరుసటి ఆదివారం తర్వాతి రౌండుకు వెళ్తూ అబిడ్స్‌లో ఒక మిఠాయి దుకాణంలో లడ్డు కొని, తిరుపతిదేనన్నట్టు ఆయనకిచ్చాను. ఆయన కళ్లకద్దుకుని, సగం తుంచి నా చేతిలో పెట్టారు. తిన్నాను. తీపి ఉందో లేదో తెలియలేదు.