అయస్కాంతంలో తలూపినవాడు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో రేడియోలు బాగుచేసేవాడికి పనికంటే తీరికే ఎక్కువ. నాకు యాభై దాటినా, ఇప్పటి మోకాళ్లతో చూస్తే అది కుర్రతనమే. మధురానగర్‌లో ఒంటి గది. పాలప్యాకెట్ వేసేవాడు తప్ప నన్ను పలకరించే దిక్కు లేదు. అందుకే, పంజగుట్టలో ఒక స్కాన్ సెంటరులో పరిశోధన చేస్తున్న అమ్మాయి రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చి, కొలతలకు ఆరోగ్యంగా ఉన్న తల ఒకటి కావాలంటే, నా తల ఇస్తానన్నాను.

మొదట ఆవిడ ఏదో ఫోటో తీస్తామన్నట్టు చెప్పబోయింది. నాకు ఒళ్లు మండింది. (ఆరో తరగతితో బడి మానినవాడికి బుర్ర ఉండదని ఈ పట్టాలవాళ్లకు ఎవరు చెప్పారో!) సరిగ్గా చెప్పమని నిలదీశాను. పెద్ద అయస్కాంతంలో పడుకోబెట్టి, రేడియో తరంగంతో మెదడులోని రసాయనాలను కదిలిస్తారట. అప్పుడు వాటినుంచి వచ్చే సంకేతం ఎంత త్వరగా సన్నగిల్లుతుందో చూస్తారట. ఒక్కో రసాయనానిది ఒక్కో తీరు కాబట్టి, మధ్యలో ఆగే వ్యవధి మారుస్తూ మళ్లీ మళ్లీ కొలవాలి. అన్నిసార్లూ తల ఉన్నచోటే ఉండాలి. యంత్రం ఆవిడకు దొరికేది ఆ ఒక్క రోజే; ఈ తల కొలత రాకపోతే చదువు ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. గోడలా పడుకుంటానని మాటిచ్చాను.

యంత్రం నడిపే అతను నా తల చుట్టూ మెత్తలు కుక్కుతూ, "అన్నా, మేడం పీహెచ్‌డీ మొత్తం నీ తలకాయలనే ఉన్నది. జర బొమ్మలెక్క పండు" అన్నాడు. లోపల డబడబమని చప్పుడు. అది ఆగినప్పుడల్లా చెవి దగ్గర ఆవిడ గొంతు: బాగానే ఉన్నారా, చలిగా ఉందా, దాహం వేస్తోందా అని. అంత ఆప్యాయంగా నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో! నోటితో జవాబిస్తూనే ప్రతిదానికీ తలూపాను. (మనవాళ్లకు పెద్దల ముందైనా పిల్లల ముందైనా తల ఆడకుండా మాట రాదు కదా.) బయట ఇద్దరూ తలలు పట్టుకున్నారట, కొలిచే చోటు ప్రతిసారీ జారిపోతోందని.

చివరికి ఆవిడకు అనుమానం వచ్చి, అద్దం అవతలనుంచి నా తలవైపే చూస్తూ అడిగిందట. "అంకుల్, మీరు తల ఊపుతున్నారా ఏంటి?"

"లేదమ్మా" అని, తల అడ్డంగా ఊపాను.

చెవి దగ్గర ఇద్దరి నవ్వూ వినిపించింది. అన్నీ మొదటినుంచి కొలుస్తామని చెప్పి, "ఇక నేనేమీ అడగను అంకుల్" అంది ఆవిడ. అన్నట్టే అడగలేదు. చప్పుడు ఆగేది, నేను చెవులు రిక్కించి ఎదురుచూసేవాణ్ణి, మళ్లీ చప్పుడు మొదలయ్యేది. అంత కదలకుండా నేనెప్పుడూ పడుకోలేదు.

కొలతలన్నీ చక్కగా వచ్చాయని ఆవిడ ముఖం వెలిగిపోయింది. మెత్తలు తీసినా నేను లేవలేదు. "కావాలంటే ఇంకోసారి తియ్యమ్మా. కొలత పాడైపోయినా ఫర్వాలేదు, మాట్లాడుతూ తియ్యి" అన్నాను. ఆవిడ హాస్యమనుకుని పకపకా నవ్వింది. నేనూ హాస్యమే అన్నట్టు నవ్వాను. పాపం, ఆ యాభై ఏళ్ల కుర్రాడు ఎంత బాగా నటించాడో!